నలుగురికి ఒక్క ట్యాబు: తరగతిలో కలిసి నేర్చుకునేందుకు టీచర్లనూ పిల్లలనూ సిద్ధం చేయడం ఎలా?

చిత్తూరు పక్క మండలంలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో తోటి టీచర్లకు ఫోన్లు, ట్యాబులు, ప్యానెల్ తరగతిలో ఎలా వాడాలో చూపించే పని కూడా కొన్నేళ్లుగా నా మీదే ఉంది. ఈ వ్యాసంలో ఉన్నదంతా ఆ రెండు పనుల్లోంచి వచ్చిందే.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది. ఆ మరుసటి ఏడు, నాడు-నేడు పథకం కింద బాగుచేసిన బడుల గోడలకు ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెరలు, వచ్చాయి. సామాను వచ్చింది గానీ, చాలా తరగతుల్లో పాఠం మాత్రం మునుపటిలాగే నడుస్తోంది. టీచరు వీడియో పెడతారు, నలభై మంది చూస్తారు, గంట కొడతారు. పిల్లలు ఒకరితో ఒకరు వాదించుకుని, తప్పు చేసి, పక్కవాడి మాట విని దిద్దుకునే సందు అందులో ఎక్కడా లేదు. ఆ సందు ఎలా చేయాలో దశలవారీగా రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం ఒకటి. తలా ఒక ట్యాబు ఉంటే తప్ప ఇవేవీ కుదరవని చాలామంది అనుకుంటారు. నాకు అనుభవంలో తెలిసింది వేరే. తలా ఒకటి ఇస్తే తలలన్నీ వంగిపోతాయి, గది నిశ్శబ్దమైపోతుంది. నలుగురి మధ్య ఒక్కటే పెడితే నాలుగు తలలూ దగ్గరికి వస్తాయి, వేలు పెట్టేముందు ఏం చేయాలో మాట్లాడుకోక తప్పదు. మీ బడిలో పనిచేసే ట్యాబులు తొమ్మిదే ఉన్నాయంటే ముప్పై ఆరు మంది తరగతికి అవి సరిగ్గా సరిపోతాయి.

1. ఉన్నదేమిటో ఒక కాగితం మీద రాయండి

ఈ పనికి ఒక మధ్యాహ్నం చాలు. ప్యానెల్ ఎన్ని నిమిషాల్లో తెరుచుకుంటుంది, ట్యాబుల్లో ఎన్నిటికి చార్జింగ్ నిలుస్తుంది, ప్లగ్గులు ఏ గదిలో ఎన్ని ఉన్నాయి, నెట్ ఏ మూల వస్తుంది, ఇవన్నీ చూడండి. పాఠం చెప్పబోయే గంటలోనే చూడండి. మా బడిలో ఉదయం పదింటికి పరుగెత్తే నెట్ మధ్యాహ్నం మూడింటికి కదలదు. ఆ సంగతి తెలిశాక కలిసి చేసే పాఠాలన్నీ ఉదయం పీరియడ్లకు మార్చుకున్నాను.

కొన్ని ట్యాబుల్లో కొత్త యాప్‌లు వేసుకునే వీలుండదు. బ్రౌజర్ తెరుచుకుంటే చాలు, మనకు కావలసిన పనిలో ఎక్కువ భాగం దానిలోనే జరిగిపోతుంది. టీచరు ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడే వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. చాలా ఫోన్లు ఎనిమిది, పది పరికరాలకు మించి కలుపుకోలేవు. తొమ్మిది గుంపులుంటే రెండు ఫోన్లు పెట్టుకుని అయిదు, నాలుగుగా పంచండి.

2. పిల్లల కంటే ముందు టీచర్లు పిల్లల్లా కూర్చోవాలి

నేను హాజరైన ఒక శిక్షణ ఇప్పటికీ మరిచిపోలేదు. పెద్ద హాలు, అరవై మందికి పైగా టీచర్లం. మూడు గంటలు స్లైడ్లు చూపించారు. 'గ్రూప్ వర్క్ ప్రాముఖ్యత' అనే స్లైడు కూడా వచ్చింది. ఆ మూడు గంటల్లో మాలో ఒక్కరి చేతికీ ఒక్క ట్యాబూ రాలేదు, పక్కవాళ్లతో ఒక్క మాట మాట్లాడమని ఎవరూ అనలేదు. ఇంటికొచ్చాక కష్టమనిపించింది. రోజంతా ప్రయాణం చేసి వచ్చిన టీచరమ్మలు కూడా అందులో ఉన్నారు.

అందుకే నేను చేసే శిక్షణ రెండు గంటలే. స్లైడ్లు ఉండవు. ఇరవై నలుగురు వస్తే ఆరు గుంపులు, గుంపుకు ఒక ఫోన్. మిగతా మూడు ఫోన్లూ బల్ల మీద బోర్లా పెట్టమంటాను. పనిముట్టు కూడా ఒక్కటే నేర్పుతాను: అందరూ ఒకేసారి రాయగల షీట్. గూగుల్ షీట్స్ అయినా సరే, అలాంటిది మరొకటైనా సరే. ఒక్క పూటలో అయిదు యాప్‌లు చూపిస్తే సాయంత్రానికి ఒక్కటీ మిగలదు.

మొదటి పావుగంట షీట్ తెరవడం, తమ గుంపు వరసలో ఒక మాట రాయడం. తర్వాతి నలభై నిమిషాలకు నిజమైన పని ఇస్తాను: 'మీ సబ్జెక్టులో ఒక పాఠం తీసుకోండి. అందులో పిల్లలు ఏటా చేసే తప్పులు మూడు రాయండి. ఎందుకు చేస్తారో పక్క గడిలో రాయండి.' అందరి తప్పులూ ఒకే తెర మీద పైకి వస్తూ ఉంటే గది స్వరూపమే మారిపోతుంది. సైన్సు సారు రాసింది చూసి లెక్కల మేడం 'మా పిల్లలూ ఇక్కడే తడబడతారు' అంటారు. తర్వాతి అరగంట ఇదే పనిని పిల్లలతో ఎలా చేయించాలో ఒక్కో గుంపు ఒక పాఠం ప్రణాళిక రాస్తుంది. చివరి అరగంట వేరొక గుంపు ప్రణాళిక చదివి, అందులో పిల్లలు ఎక్కడ ఖాళీగా కూర్చుంటారో వెతికి చెప్పడం. మిగిలిన అయిదు నిమిషాల్లో తేదీలు రాసుకుంటాం.

ఇందులో నేను పట్టుగా పాటించే నియమం ఒకటుంది. గుంపులో ఫోన్ బాగా తెలిసినవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు, నోటితోనే చెప్పాలి. మొదటిసారి ఈ మాట అన్నప్పుడు, రిటైర్మెంటుకు రెండేళ్లున్న ఒక తెలుగు సారు ఫోన్ పక్కకు జరిపి, 'నాకెందుకు సార్ ఈ వయసులో, ఆ పిల్లోడికి ఇవ్వండి' అన్నారు. ఆ పిల్లోడంటే నిరుడు డీఎస్సీలో వచ్చిన కుర్ర టీచరు. నేను ఫోన్ మళ్లీ సారు ముందే పెట్టాను. అతను పక్కన కూర్చుని 'పైన ఎడమ పక్క నొక్కండి సార్' అని చెబుతూ వచ్చాడు. అరగంటకు సారు మాటను టైపు చేయకుండా, మైకు గుర్తు నొక్కి తెలుగులో పలికి రాయిస్తున్నారు. ఆయన ఉచ్చారణ ఎంత శుభ్రంగా ఉంటుందంటే అందరికంటే తప్పులు తక్కువగా వచ్చింది ఆ వరసలోనే.

శిక్షణ ఆ పూటతో ఆగిపోతే రెండు వారాల్లో మరుపుకొస్తుంది. ఇద్దరిద్దరు టీచర్లను జత చేయండి. పది పదిహేను రోజుల్లోపు ఒకరి తరగతికి మరొకరు వెళ్లి వెనక కూర్చుని చూడాలి. చూసేవాళ్ల పని మార్కులు వేయడం కాదు, ఏ గుంపులో ఎవరు మాట్లాడలేదో రాసిపెట్టడం. పాఠం చెప్పే మనిషికి అది కనిపించదు. ఆ ఒక్క కాగితం నాకు ఏ శిక్షణా నేర్పనంత నేర్పింది.

3. మొదటి వారం పిల్లలకు యంత్రం ఇవ్వకండి

కలిసి కూర్చోబెట్టినంత మాత్రాన పిల్లలు కలిసి నేర్చుకోరు. చురుకైన పిల్ల చేసేస్తుంది, మిగతా ముగ్గురూ కాపీ చేస్తారు. కాబట్టి ముందు మాట్లాడుకోవడం అలవాటు చేయాలి. దానికి పలకా బలపమైనా చాలు. మన పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర ఋషి వ్యాలీ వాళ్లు నడిపే గ్రామీణ బడుల్లో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కార్డులు పెట్టుకుని గుంపులుగా నేర్చుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అక్కడ పని చేసేది కార్డు, పక్కనున్న పిల్ల.

ఆరంభానికి సులువైనది అమెరికాలో ఫ్రాంక్ లైమన్ అనే ఆచార్యుడు 1981లో చెప్పిన మూడు మెట్ల పద్ధతి. ప్రశ్న అడిగాక ఒక నిమిషం ఎవరికి వాళ్లు ఆలోచించాలి, రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడాలి, తర్వాతే తరగతికి చెప్పాలి. చెప్పేటప్పుడు తన జవాబు కాకుండా పక్కవాళ్ల జవాబు చెప్పమంటాను నేను. అప్పుడు వినక తప్పదు.

ఆ వారంలోనే నాలుగు పనులు పంచండి. మేము పెట్టుకున్న పేర్లు: చేయి, కన్ను, కలం, నోరు. చేయి ట్యాబు నడుపుతుంది. కన్ను తెర మీదున్నది పైకి చదువుతుంది, తప్పులు పట్టుకుంటుంది. కలం నోటుబుక్కులో లెక్క చేస్తుంది. నోరు 'ఎందుకు?' అని అడుగుతూ ఉంటుంది, చివర్లో తరగతికి చెప్పేదీ నోరే. మిగతా ముగ్గురూ సరేననేదాకా చేయి దేన్నీ నొక్కకూడదు. పది నిమిషాలకోసారి గంట కొట్టి పనులు కుడివైపుకు జరపాలి.

ఈ జరపడం తప్పనిసరి. వదిలేస్తే ట్యాబు మగపిల్లల చేతిలో, నోటుబుక్కు ఆడపిల్లల చేతిలో స్థిరపడిపోతుంది. మా తరగతిలోనూ అలాగే మొదలైంది. వెనక కూర్చున్న టీచరమ్మ రాసిచ్చిన కాగితం చూసేదాకా నేను గమనించలేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. మన సరిహద్దు మండలాల్లో, నగరి వైపైనా కుప్పం వైపైనా, ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలు ఉంటారు. పలమనేరు, పుంగనూరు వైపు ఉర్దూ ఇళ్లుంటాయి. గుంపులో ఏ భాషలో మాట్లాడుకున్నా అడ్డు చెప్పకండి, షీట్‌లోకి మాత్రం తెలుగులోనో ఇంగ్లిషులోనో రావాలి. ఇద్దరు అరవం పిల్లలను ఒకే గుంపులో వేయండి. అప్పుడు ఒకరికి అర్థమైంది ఇంకొకరికి వాళ్ల మాటల్లోనే చేరుతుంది.

4. మొదటి పాఠానికి ఒక్క ఫోన్ చాలు

పిల్లల చేతికి ట్యాబు ఇచ్చేముందు ఒకటి రెండు పాఠాలు మీ ఫోన్ ఒక్కదానితో నడపండి. ప్లికర్స్ అనే యాప్ ఉంది. పిల్లలకు అచ్చు వేసిన చదరపు గుర్తుల అట్టలు ఇస్తాం, ఒక్కో అట్ట మీద గుర్తు వేరు. అట్టను ఏ అంచు పైకి పెట్టి పట్టుకుంటే ఆ జవాబు: ఏ, బీ, సీ, డీ. మీరు ఫోన్ కెమెరాను తరగతి మీదుగా తిప్పితే ఎవరు ఏ జవాబు పట్టుకున్నారో నమోదవుతుంది. పక్కవాడి అట్ట చూసి కాపీ కొట్టడం కుదరదు, ఎందుకంటే ఇద్దరి గుర్తులూ ఒకలా ఉండవు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి పాటిస్తున్న పద్ధతి దీనికి చక్కగా అతుకుతుంది. ప్రశ్న వేసి, మాట్లాడుకోకుండా ఓటు వేయించాలి. సరైన జవాబు చెప్పినవాళ్లు సుమారు 30 శాతం నుంచి 70 శాతం మధ్య ఉంటే, సరైనదేదో మనం బయటపెట్టకుండా, పక్కవాళ్లను ఒప్పించమని పిల్లలతో అనాలి. మళ్లీ ఓటు వేయించాలి. 30 కంటే తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, 70 దాటితే ముందుకు వెళ్లిపోవాలి.

నేను మొదటిసారి వేసే ప్రశ్న ఇది: 'రెండు సంఖ్యల సగటు 12. వాటిలో ఒకటి 24. రెండోది ఎంత?' జవాబులు 0, 6, 12, 36. సున్నా పట్టుకునే చేతులు మొదట చాలా తక్కువగా లేస్తాయి. సున్నా కూడా ఒక సంఖ్యేనని, సగటు తీసేటప్పుడు దాన్నీ లెక్కలోకి తీసుకోవాలని పిల్లలకు నమ్మకం కుదరదు. అలాంటి చోట నేను మళ్లీ పాఠం చెప్పకుండా ఒక్క మాటే అంటాను: 'ఒక బుట్టలో 24 మామిడికాయలు, ఇంకో బుట్ట ఖాళీ. రెండు బుట్టలకూ సమానంగా సర్దండి.' ఆ తర్వాత వదిలేస్తే వాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటారు. రెండో ఓటుకు లేచే చేతులు చూడాలి!

నెట్ లేకపోతే నాలుగు రంగుల అట్టముక్కలు చాలు. ఎవరు ఏమన్నారో నమోదు కాదు గానీ, చర్చ మాత్రం అచ్చంగా అలాగే జరుగుతుంది.

5. కలిసి రాసే షీట్: పాల కార్డు పాఠం

ఈ దశ మీద ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే తరగతి నిజంగా మారేది ఇక్కడే.

సాంఖ్యకశాస్త్రం పాఠంలో సగటు, మధ్యగతం (వరసలో పేర్చితే నడుమ వచ్చేది), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చేది) వస్తాయి. పుస్తకంలో ఎవరివో మార్కులు, ఎవరివో ఎత్తులు ఉంటాయి. మన జిల్లాలో ఊరూరా పాలు పోసే ఇళ్లున్నాయి. సెంటరులో ఇచ్చే కార్డులోనో చీటీలోనో రోజుకు రెండు పూటలా లీటర్లు, ఫ్యాట్ (కొవ్వు శాతం), ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాల శాతం) పడుతుంది. అంతకంటే మంచి లెక్కల పుస్తకం నాకు దొరకలేదు.

సిద్ధం చేసే విధానం: ప్రతి గుంపులోనూ పాలు పోసే ఇంటి పిల్ల ఒకరైనా ఉండేలా చూడండి. వారం రోజుల వివరాలు నోటుబుక్కులో రాసుకు రమ్మనండి. రోజుకు రెండు పూటల చొప్పున ఏడు రోజులకు పద్నాలుగు వరసలు. తొమ్మిది గుంపులకు 126 వరసలు. లీటర్లు, ఫ్యాట్ మాత్రమే అడగండి, డబ్బులు అడగకండి, షీట్‌లో ఇంటి పేరు రానివ్వకండి. ఎవరింట్లో ఎంత వస్తుందో తరగతికి తెలియాల్సిన పని లేదు.

షీట్‌ను మీరే ముందుగా తయారు చేసుకోండి. గుంపు సంఖ్య, రోజు, పూట, లీటర్లు, ఫ్యాట్ అనే అయిదు నిలువు వరసలు చాలు. ఒక్కో గుంపు భాగానికి ఒక్కో లేత రంగు వేయండి. తలవరసకు రక్షణ పెట్టండి, అంటే మీరు తప్ప ఇంకెవరూ దాన్ని మార్చలేకుండా. ట్యాబుల్లో షీట్‌ను ఉదయమే తెరిచి పెట్టండి. పొడుగాటి లంకె పిల్లలతో టైపు చేయించకండి, ప్యానెల్ మీద క్యూఆర్ కోడ్ పెడితే ట్యాబు కెమెరాతో తెరుచుకుంటుంది.

రక్షణ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మొదటి ఏడాది నేను పెట్టలేదు. పిల్లలు గబగబా నింపుతున్నారు, ప్యానెల్ మీద అంకెలు వానలా పడుతున్నాయి, నాకు ఎంత సంతోషమో. ఉన్నట్టుండి తెర మొత్తం తెల్లబడింది. ఎవరో అన్నీ ఎంచి చెరిపేశారు, పొరపాటునే. గది నిశ్శబ్దం. ఒక పాప ఏడుపు మొహం పెట్టి నిలబడింది. ఇలాంటప్పుడు ముందు ఆ పాపను కూర్చోబెట్టండి. తర్వాత వెర్షన్ హిస్టరీ తెరవండి. షీట్ ప్రతి మార్పునూ దాచుకుంటుంది, రెండు నిమిషాల ముందున్న రూపాన్ని ఎంచుకుంటే అంతా తిరిగొస్తుంది. అప్పటినుంచి కొత్త తరగతికి మొదటి రోజే నేను కావాలని ఒక షీట్ చెరిపి, తిరిగి తెచ్చి చూపిస్తాను. చెరిగిపోతుందేమోనన్న భయం పోతే పిల్లల వేళ్లు వణకవు.

మొదటి పీరియడ్‌లో నింపడం, తప్పులు పట్టుకోవడం. 3.8 బదులు 38 పడితే పక్క గుంపు 'కన్ను' అరుస్తుంది. సంకర జాతి ఆవు పాలలో ఫ్యాట్ మూడున్నర, నాలుగు దగ్గర ఉంటుందని, బర్రె పాలలో ఆరేడు దాకా పోతుందని సగం మంది పిల్లలకు మనకంటే బాగా తెలుసు. రెండో పీరియడ్‌లో తమ పద్నాలుగు వరసలకు సగటు, మధ్యగతం, బాహుళకం చేత్తో కట్టాలి. చేత్తో కట్టాకే షీట్‌లో సూత్రం వేసి సరిచూసుకోవాలి. ఈ వరస మార్చకండి. సూత్రం ముందు నేర్పితే సగటు అంటే ఒక మీట అనుకుంటారు.

మూడో పీరియడ్‌లో జరిగింది చెబుతాను. ఒక గుంపు సోమవారం నాడు ఉదయం 6 లీటర్లకు 3.6, సాయంత్రం 4 లీటర్లకు 4.1 ఫ్యాట్ రాసింది. ఆ రోజు సగటు ఫ్యాట్ 3.85 అని చేత్తో కట్టారు, షీట్ కూడా అదే చెప్పింది. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని అబ్బాయి ఒకడున్నాడు. పొద్దున పాలు పిండి సెంటరులో పోసి, పరుగెత్తుకుంటూ ప్రార్థన మొదలయ్యాక వచ్చే పిల్లాడు. ఆ రోజు వాడి వంతు 'నోరు'. లేచి నిలబడి, 'సాయంత్రం పాలు తక్కువ కద సార్, రెండిట్నీ సమానంగా ఎట్ల కలపతారు?' అన్నాడు.

ఆ ప్రశ్న విన్నాక తరగతి అరగంట దాని చుట్టే తిరిగింది. రెండు పూటల పాలనూ ఒకే క్యానులో పోస్తే ఏమవుతుంది? ఉదయం పాలలో ఫ్యాట్ 6 × 3.6 = 21.6, సాయంత్రం 4 × 4.1 = 16.4. రెండూ కలిపితే 38, మొత్తం లీటర్లు 10. అంటే 3.8. తేడా చిన్నదే, కానీ భారిత సగటు, అంటే ఎన్ని లీటర్లో చూసి కట్టే సగటు, ఎందుకు కావాలో నేను చెప్పాల్సిన పని లేకుండా పోయింది. అందరూ తమ వరసల పక్కన లీటర్లను ఫ్యాట్‌తో హెచ్చించే ఇంకో నిలువు వరస చేర్చుకున్నారు. ఆ వెంటనే వేరే గుంపు 126 వరసలనూ పూటలవారీగా విడదీసి, సాయంత్రం ఫ్యాట్ ఎక్కువ ఎందుకుందని అడిగింది. పొద్దున పిండాక సాయంత్రం దాకా ఉండే వ్యవధి రాత్రి వ్యవధి కంటే తక్కువ, అందుకని పాలు తక్కువ, ఫ్యాట్ ఎక్కువ. జవాబు వాళ్లలో ఒకరి నాయన చెప్పి పంపినాడు, మరుసటి రోజు.

ఆ పిల్లాడు తర్వాత రోజుల్లో పెద్ద వక్త అయిపోలేదు. కానీ వాడి గుంపులోవాళ్లు లెక్క ముగించేముందు వాడి వైపు చూడటం మొదలుపెట్టారు. అది నాకు చాలా పెద్ద సంగతి.

పాలు లేని ఊళ్లలో వేరే కార్డులుంటాయి. తిరుపతి వైపు బడులైతే రోజువారీ ఉష్ణోగ్రతలు, స్వర్ణముఖి పక్క ఊళ్లలో బావి నీటి మట్టం, నగరి వైపు మగ్గం మీద రోజుకు నేసిన గజాలు. పిల్లల ఇంటికీ అంకెలకూ ముడి ఉండాలి, అంతే.

6. పాఠాన్ని నాలుగు ముక్కలు చేసే పద్ధతి

లెక్కలు కాని సబ్జెక్టులకు ఇది బాగా కుదురుతుంది. అమెరికాలోని ఆస్టిన్‌లో 1971లో ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. తెల్లపిల్లలను, నల్లపిల్లలను అప్పుడే ఒకే బడిలో కూర్చోబెట్టిన రోజులవి, తరగతుల్లో కొట్లాటలు. ఒకరి దగ్గరున్న ముక్క ఇంకొకరికి కావాల్సి వచ్చేలా పాఠాన్ని విడదీశాడు.

చేసే తీరు: పాఠాన్ని నాలుగు భాగాలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో భాగం ఇవ్వండి. ఒకే భాగం వచ్చినవాళ్లు వేర్వేరు గుంపుల నుంచి ఒకచోట చేరి, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ద్వారా, కేంద్రప్రభుత్వ పాఠాల వేదిక దీక్షలో ఆ భాగం చూసి చర్చించుకోవాలి. తర్వాత సొంత గుంపుకు తిరిగొచ్చి మిగతా ముగ్గురికీ నేర్పాలి. దీక్ష 2017 నుంచి ఉంది, యాప్‌లో చాలావరకు దించి పెట్టుకోవచ్చు కాబట్టి ముందురోజే ఆ పని ముగించండి. ముప్పై ఆరు మందిలో తొమ్మిది మంది ఒకే ట్యాబు చుట్టూ చేరితే ఇరుకు, భాగానికి రెండు ట్యాబులు పెట్టండి.

7. నెట్ లేని రోజు

అలాంటి రోజు వచ్చి తీరుతుంది. ఫెట్ అనే కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల సైన్సు, లెక్కల ప్రయోగాలను ఒక్కసారి దించుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తాయి, వాటిలో తెలుగులో ఉన్నవీ ఉన్నాయి. జ్యామితి బొమ్మలు, గ్రాఫులు గీసే జియోజీబ్రా యాప్ కూడా ముందే వేసుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. ఫైళ్లను ఒక ట్యాబు నుంచి ఇంకో ట్యాబుకు ఆండ్రాయిడ్‌లో ఉండే క్విక్ షేర్‌తో నెట్ లేకుండానే పంపొచ్చు. కలిసి రాసే షీట్ మాత్రం ఆ రోజుకు గోడ మీద చార్టు కాగితమే. తొమ్మిది గుంపులకు తొమ్మిది రంగుల స్కెచ్ పెన్నులు ఇవ్వండి, అవే వరసలు గీయండి. సాయంత్రం ఇద్దరు పిల్లలు కూర్చుని దాన్ని షీట్‌లోకి ఎక్కిస్తారు.

ఒంటిపూట బడులప్పుడు ఈ పాఠాలు పెట్టుకోకండి. పీరియడ్ చిన్నది, ఎండ, కరెంటు కూడా నమ్మకం లేదు.

8. మార్కులు, అనుమతులు

గుంపుకు మొత్తంగా ఒకే మార్కు వేస్తే కష్టపడిన పిల్లకు అన్యాయం, ఊరకున్నవాడికి అలవాటు. నేను చేసేది ఇది. గుంపులో నలుగురికీ ఒకటి నుంచి నాలుగు దాకా సంఖ్యలుంటాయి. చివర్లో ఒక చీటీ తీస్తాను. 'మూడు' వస్తే ప్రతి గుంపులోని మూడో పిల్ల లేచి ఆ లెక్క ఎందుకు అలా చేశారో చెప్పాలి. ఎవరి వంతు వస్తుందో తెలియదు కాబట్టి గుంపు నలుగురినీ సిద్ధం చేసుకుంటుంది. దానితోపాటు పీరియడ్ ముగిసేముందు రెండు నిమిషాల్లో ఎవరికి వాళ్లు ఒక చీటీ మీద ఒక్క లెక్క చేసి ఇస్తారు. ఆ మార్కు వాళ్ల సొంతం.

అనుమతుల విషయం తేలికగా తీసుకోకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పిల్లల పేరుతో ఖాతాలు తెరవకండి. ట్యాబుల్లో బడి ఖాతానే ఉండాలి, షీట్‌లో పేరుకు బదులు గుంపు సంఖ్య ఉండాలి. పాఠం బాగా జరిగిందని ఉత్సాహపడి పిల్లల మొహాలు కనబడే ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. చేతులు, తెర మాత్రమే కనబడేలా తీసినా పాఠం అందరికీ అర్థమవుతుంది.

తల్లిదండ్రుల సమావేశంలో ఒక్కసారి వాళ్లనే నలుగురు నలుగురిగా కూర్చోబెట్టి ట్యాబు ఇవ్వండి. పాల కార్డు షీట్ చూపించండి. 'బడిలో ఫోన్లిచ్చి చెడగొడతా ఉండారు' అని వచ్చిన ఒక తాత, తన మనవరాలు రాసిన వరస దగ్గర వేలు పెట్టి, బుధవారం సాయంత్రం ఫ్యాట్ తప్పు రాసిందని పట్టుకున్నారు. కార్డు తీసి చూస్తే నిజమే. మేము అక్కడే దిద్దాం.

9. నెల రోజుల పంచాంగం

మొదటి వారం ట్యాబులు లేకుండా మాటలు, పనులు పంచుకోవడం. రెండో వారం ఒక్క ఫోన్‌తో ఓటింగు రెండుసార్లు. మూడో వారం కలిసి రాసే షీట్, మూడు పీరియడ్లు. నాలుగో వారం జత టీచరు వచ్చి చూడటం, ఆ కాగితం చదువుకుని గుంపులు మార్చడం. ఆ తర్వాత వారానికి ఒక్క పీరియడ్ ఇలా జరిగితే చాలు, సిలబస్‌కు ఇబ్బంది రాదు. పుస్తకంలో ఒకే రకం లెక్కలు పదిహేను ఉంటే అయిదు చేయించి, మిగతా సమయం దీనికి తీసుకుంటాను.

చార్జింగ్ బాధ్యత ప్రతి శుక్రవారం ఒక గుంపుకు ఇవ్వండి. శనివారం ఉదయం ఆ గుంపే ట్యాబులు లెక్కపెట్టి, ఏది ఎంత శాతం ఉందో బీరువా తలుపు మీద అంటించిన కాగితంలో రాసి సంతకం పెట్టాలి. మా బీరువా తలుపు మీద ఈ నెల కాగితంలో ఏడో నంబరు ట్యాబు ఎదురుగా 'చార్జింగ్ పిన్ను వదులు, కుడిపక్కకు వంచి పెట్టాల' అని ఒక తొమ్మిదో తరగతి పిల్ల రాసి ఉంది.